మీకు వచ్చిన పనే తీసుకుని రండి

(హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉద్యోగుల సమావేశంలో, తోలుబొమ్మలాట కుటుంబాలతో కలిసి పనిచేసే ఒక చిన్న ట్రస్టు కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కళల కోసం పనిచేసే సంస్థలకు ఉద్యోగులు ఎలా సాయపడవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. నేను కళాకారుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసులో ఎక్కువ భాగం అనంతపురం, ధర్మవరం, హిందూపురం, కదిరి ప్రాంతాల్లోనే గడిచింది. నాకు తెలిసింది ఖాతాలు, చెక్కులు, లెడ్జర్లు. ఆ తెలిసిన కాస్త పనితోనే తోలుబొమ్మలాట వాళ్ళ ఇంట్లోకి వెళ్ళాను. ఎలా వెళ్ళానో ముందు చెబుతాను.

ఒకరోజు మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి ఒక పెద్దాయన చెక్కు పట్టుకుని వచ్చాడు. ఎక్కడో ఒక ఉత్సవంలో ఆయన బృందం ఆట ఆడింది. నిర్వాహకులు చెక్కు ఇచ్చారు, కానీ బృందం పేరు మీద రాసిచ్చారు. ఆయనకున్న ఖాతా సొంత పేరు మీద ఉంది. ఆ చెక్కు ఆ ఖాతాలో పడదు. అప్పటికే ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. వచ్చిన ప్రతిసారీ బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోయాయి. మూడోసారి నా దగ్గరికి వచ్చి, "ఆడింది నేనే కదా సార్, ఆ పేరు పెట్టుకున్నదీ నేనే కదా" అన్నాడు. నేను రూలు చెప్పాను. రూలు సరైనదే. ఆయన చెక్కును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళబోయాడు.

ఆ మడతలు చూసి నాకు మనసు ఊరుకోలేదు. బృందం పేరు మీద ఖాతా తెరవాలంటే ఏం కావాలి? సంఘం నమోదు, పాన్ కార్డు, ఒక తీర్మానం, దాన్ని రాసిన మినిట్స్ పుస్తకం. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆయనకు వందల పద్యాలు కంఠతా వచ్చు, ఇవి రావు. ఆదివారం రమ్మన్నాను. ఆయన నలుగురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా వరండాలో కూర్చుని తీర్మానం రాశాం. రూలు చెప్పినందుకు బ్యాంకు నాకు జీతం ఇచ్చింది. ఆ రూలుకు తగిన కాగితాలు రాసిపెట్టే పని ఎవరి ఉద్యోగమూ కాదు. అది ఆదివారపు పని. మీలాంటి ఉద్యోగులతో నేను మాట్లాడదలచుకున్నది ఆ ఆదివారపు పని గురించే.

ముందు ఆ ఆట గురించి కొంత చెప్పాలి. మీలో కొందరు దాన్ని చూసి ఉండకపోవచ్చు. చూసినవారు కూడా శిల్పారామంలో గోడకు తగిలించిన బొమ్మగానో, లేపాక్షి ఎంపోరియంలో ల్యాంప్‌షేడ్‌గానో చూసి ఉంటారు. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా అది అనంతపురం జిల్లాలో ఉండేది. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కాకినాడ దగ్గర మాధవపట్నంలోనూ ఈ ఆట ఆడే కుటుంబాలున్నాయి. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

బొమ్మ పుట్టుక గురించి వినండి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి తీసి, చట్రానికి బిగలాగి ఎండబెడతారు. వెలుతురు దాని గుండా ప్రసరించేంత పలుచగా అది తేరాలి. ఆ తోలు మీద గీత గీసి, ఉలితో వందల చిల్లులు కొడతారు. నగలూ, కిరీటమూ, చీర అంచూ అన్నీ ఆ చిల్లులే. తర్వాత రెండు వైపులా రంగులద్దుతారు. మెడ, భుజం, మోచేయి, మోకాలు కదిలేలా ముక్కలను దారంతో కడతారు. నడుమ వెదురు బద్ద నిలుస్తుంది. ఒక్కో బొమ్మ చిన్నపిల్లవాడికంటే పొడుగ్గా ఉంటుంది, కొన్ని నిలువెత్తు మనిషంత ఉంటాయి. అంత పెద్ద బొమ్మకు ఒక్క తోలు చాలదు.

ఆట చూడాలంటే నా మాట విని ఒక్కసారైనా తెర వెనక్కి వెళ్ళి చూడండి. తెల్లటి బట్ట ఏటవాలుగా కట్టి ఉంటుంది. అప్పటికి పని లేని బొమ్మలను తెర పక్కన ముళ్ళతో గుచ్చి నిలబెడతారు. హార్మోనియం, మృదంగం, తాళాలు ఉంటాయి. ఆడించేవారి కాళ్ళకు గజ్జెలు, పాదాల కింద చెక్క పలకలు ఉంటాయి. యుద్ధం వచ్చిందంటే ఆ పలకలు దద్దరిల్లుతాయి. ఒకామె సీత బొమ్మను పట్టుకుని పద్యం పాడుతూనే, పక్కన నిద్రపోయిన మనవణ్ణి కాలితో జరిపి దుప్పటి సర్దుతుంది. ముందు కూర్చున్నవారికి సీత ఒక్కతే కనబడుతుంది. నేను ఇద్దరినీ చూశాను. కథ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్యపాత్రలు వచ్చి ఊళ్ళో సంగతులన్నీ దులిపేస్తారు. ఒకప్పుడు శివరాత్రి జాగారానికి తెల్లవార్లూ ఆడేవారు. వానలు రాని ఏడు, వాన కోసం విరాటపర్వం ఆడించేవారు. అనంతపురం సీమలో ఆ ఆట ఎన్నిసార్లు ఆడించి ఉంటారో మీరు ఊహించుకోగలరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఆ కుటుంబాలతో కలిసి పనిచేయడానికి మా ట్రస్టు పెట్టిన కొత్తలో ఒక కంపెనీ ఫోన్ చేసింది. నలభై మంది ఉద్యోగులు ఒక శనివారం వస్తారు, బొమ్మల తయారీలో పాల్గొంటారు అన్నారు. మేము సంబరపడ్డాం. కళాకారులు మూడు రోజుల ముందు నుంచే తోళ్ళు సిద్ధం చేశారు. ఇళ్ళ ముందు కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టారు. వచ్చినవారు అందరూ మంచివారే, ఉత్సాహం ఉన్నవారే. ఒకే రంగు చొక్కాలు వేసుకుని వచ్చారు. ఉలి పట్టుకుని చిల్లులు కొట్టారు. ఉలి పట్టు తెలియాలంటే ఏళ్ళు పడుతుంది, వాళ్ళకున్నది రెండు గంటలు. ఆ రోజు పదకొండు తోళ్ళు పనికిరాకుండా పోయాయి. ఫోటోలు తీసుకున్నారు, భోజనం చేశారు, సాయంత్రం బస్సెక్కారు. మళ్ళీ రాలేదు. ఆ నాలుగు రోజులూ ఆ కుటుంబాలకు సంపాదన లేదు. తోళ్ళ ఖర్చు అడగడానికి వాళ్ళకు మొహమాటం అడ్డొచ్చింది. అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. లెక్కలు చూసే మనిషిని నేను, ఆ తప్పు నాది.

అప్పుడు ఒక ముసలమ్మ నాతో అన్న మాట ఇది: "నాయనా, మా పని నేర్చుకోవడానికి వచ్చారు, సంతోషం. వాళ్ళ పని మాకేమన్నా చేసి పెడతారేమో అడగరాదూ?"

ఆ మాట మీద మేము చాలా రోజులు కూర్చున్నాం. పల్లెల్లో బదులు పని అని ఒక పద్ధతి ఉంది. నీ పొలంలో నేను నాట్లకు వస్తాను, నా పొలంలో నువ్వు కోతకు వస్తావు. ఎవరికి చేతనయిన పని వారు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆమె అడిగింది అదే. అప్పటినుంచి మా పద్ధతి మార్చాం. రావాలనుకునే ఉద్యోగిని మొదట ఒక్కటే అడుగుతాం: మీ ఆఫీసులో మీరు రోజూ చేసే పని ఏమిటి?

ఒక అమ్మాయి, ఖర్చుల అంచనా వేయడం తన ఉద్యోగం అంది. ఆమె నాలుగు శనివారాలు ఒక ఇంట్లో కూర్చుని, ఒక ల్యాంప్‌షేడ్ ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా గమనించి రాసుకుంది. తోలు కొన్న దగ్గర నుంచి రంగు ఆరే వరకూ, భార్య చేసిన పనీ, భర్త చేసిన పనీ విడివిడిగా రాసింది. మొత్తం పందొమ్మిది గంటలు తేలింది. అంతకుముందు వాళ్ళు ధర ఎలా చెప్పేవారంటే, కొనేవాళ్ళు ఎంత ఇస్తామంటే అంత. తోలు ఖర్చు లెక్కేసేవారు, రంగుల ఖర్చు లెక్కేసేవారు, చేతుల కష్టాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఇంటి ఆడవాళ్ళు అద్దే రంగులనైతే అసలు పనిగానే ఎంచేవారు కాదు. ఆ అమ్మాయి ఒకే ఒక్క కాగితం మీద తెలుగులో పట్టిక రాసి గోడకు అంటించింది. ఇప్పుడు ఎవరైనా బేరమాడితే ఆ ఇంటి కోడలు ఆ కాగితం చూపిస్తుంది. అందరూ ఒప్పుకోరు, కొందరు లేచి వెళ్ళిపోతారు. కానీ ఆమె ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడి ధర వినడం లేదు, కూర్చుని ధర చెబుతోంది. ఇన్నేళ్ళలో మా ట్రస్టుకు అందిన సాయాల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఆ ఒక్క కాగితాన్నే.

సరుకు రవాణా చూసే ఒకాయన వచ్చాడు. పాత బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పాత చీరల్లో చుట్టి రేకు పెట్టెల్లో పెడతారు. వానాకాలం వస్తే తోలు చెమ్మ పీల్చుకుని బూజు పడుతుంది, ఎండాకాలంలో అంచులు ముడుచుకుంటాయి. తాతల నాటి రావణుడి బొమ్మకు రెండు తలలు అలా పోయాయి. ఆయన కొత్త పెట్టెలేవీ కొనిపించలేదు. ఉన్న పెట్టెలకే అడుగున చెక్క పలక వేయించి, బొమ్మకూ బొమ్మకూ నడుమ నూలుబట్ట పెట్టించాడు. నెలకొకసారి నీడలో గాలికి ఆరబెట్టే రోజు ఒకటి పెట్టించాడు. ఆ రోజు పిల్లలంతా చేరి ఏ బొమ్మ ఎవరిదో పేర్లు చెబుతారు. ఇది ఆయన అనుకోని లాభం. పెట్టెలో మూత వేసి ఉన్నంతకాలం పిల్లలకు ఆ పేర్లు తెలిసేవి కావు.

విద్యుత్ పని తెలిసినవారు దీపాల దగ్గర సాయపడ్డారు. ఆముదపు దీపాల వెలుగు ఊగుతుంది, దానితోపాటు బొమ్మ ఊపిరి పీల్చినట్టుంటుంది. ట్యూబులైటు పెడితే అది కదలదు. ఆ ఊగే వెలుగును చిన్న బల్బులతో తెప్పించడానికి వాళ్ళు ఇంకా తంటాలు పడుతున్నారు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. రికార్డింగ్ గురించి. ఒక పెద్దాయన లంకాదహనం పాడుతుంటే ఒక కుర్రవాడు ఫోనులో తీసి, ఆ రాత్రే అందరికీ పంచాడు. ప్రేమతోనే చేశాడు. కానీ ఆ పాటను మరెవరో తమ కార్యక్రమంలో వాడుకున్నారు. పెద్దాయన పేరు ఎక్కడా లేదు. ఆయన మనవడు అది విని మా దగ్గరికి వచ్చినప్పుడు నా దగ్గర జవాబు లేదు. కాపీరైటు చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శకుడి హక్కు గురించి చెబుతుంది. ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. ప్రదర్శకుడంటే ఎవరు అని చట్టం చెప్పిన జాబితాలో నటుడు, గాయకుడితో పాటు గారడీ చేసేవారు, పాములాడించేవారు కూడా ఉన్నారు. అలాంటప్పుడు బొమ్మలాడించే మనిషి లేకుండా ఎలా పోతాడు? మీలో న్యాయ విభాగంలో పనిచేసేవారు ఉంటే, తెలుగులో, అరపేజీలో, అక్షరం రానివారికి చదివి వినిపించగలిగే ఒక ఒప్పంద పత్రం రాసివ్వండి. రికార్డు ఎవరు చేస్తున్నారు, ఎక్కడ వాడతారు, డబ్బు వస్తే అందులో ఎంత ఇస్తారు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఉంటే చాలు. మాకు ఇప్పుడు అన్నిటికంటే అవసరమైన సాయం అదే.

కంపెనీ తరఫున వచ్చినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి చట్టం సంగతి కూడా కాస్త చెబుతాను. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్నా, అంతకు మించినా ఆ కంపెనీ, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. ఏ పనుల మీద పెట్టవచ్చో ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉంది. సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి అందులో ఉంది. కాబట్టి బొమ్మలాటకు డబ్బు ఇవ్వడానికి చట్టం అడ్డు రాదు. ఆ డబ్బు తీసుకోవాలంటే సంస్థ మాత్రం సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదై ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. చిన్న బృందాలు ఇక్కడే ఆగిపోతాయి. ఆట వచ్చినవారికి ఫారం రాదు, ఫారం వచ్చినవారు ఆట దగ్గరికి రారు. మీ ఖాతాల విభాగంలో ఒక్కరు ఏడాదికి నాలుగు రోజులు ఇస్తే ఒక బృందం ఆ గట్టు దాటుతుంది.

ఇంకొక సంగతి. ఉద్యోగులు ఉచితంగా చేసిన సేవకు రూపాయల్లో విలువ కట్టి ఆ 2 శాతంలో చూపించుకోవడానికి వీల్లేదని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. అంటే మీరు మా ఊరికి వచ్చి గడిపిన శనివారం ఆ పద్దులోకి ఎక్కదు. నాకు ఇది చాలా నచ్చింది. కంపెనీ ఇచ్చే డబ్బు కంపెనీది, మీ శనివారం మీది.

ఉద్యోగం చేసుకుంటూ కళకు సాయపడటం మనకు కొత్త కాదు. ధర్మవరం అనగానే మీకు పట్టుచీరలు గుర్తొస్తాయి. నాకు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు గుర్తొస్తారు. 1853లో పుట్టిన ఆయనను ఆంధ్ర నాటక పితామహుడు అంటారు. ఆయన బళ్ళారిలో వకీలు. పగలు కోర్టు, సాయంత్రం సరసవినోదిని సభ అనే నాటక సంస్థ. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ, తెలుగు రంగస్థలం మీద అంతటి నటుడు, ఆయనా వకీలే. అదే బళ్ళారిలో వీరికి పోటీగా నాటకాలు ఆడించిన కోలాచలం శ్రీనివాసరావు గారిదీ అదే వృత్తి. ముగ్గురు వకీళ్ళు కోర్టు కాగితాలు పక్కన పెట్టి రాత్రుళ్ళు చేసిన పని మీద తెలుగు నాటకం నిలబడింది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కూడా బ్యాంకుల్లో, రైల్వేల్లో, తపాలా ఆఫీసుల్లో సాయంత్రం ఆరు దాటితే రిహార్సల్ ఉండేది. క్యాష్ కౌంటర్ కట్టేసి వచ్చిన మనిషి ముఖానికి రంగు పూసుకుని దుర్యోధనుడయ్యేవాడు. వాళ్ళను ఎవరూ స్వచ్ఛంద సేవకులు అనలేదు. ఊరివాళ్ళు "మన బ్యాంకాయన బాగా వేస్తాడు" అనేవారు.

ఇంత చెప్పాను కాబట్టి నేను వచ్చిన పని కూడా చెబుతాను. ఒక కుటుంబం దగ్గర రెండు పెట్టెల నిండా పాత బొమ్మలున్నాయి. వాటికి జాబితా లేదు. ప్రతి బొమ్మనూ తీసి, కొలిచి, ఫోటో తీసి, అది ఏ పాత్రో పెద్దవాళ్ళను అడిగి తెలుగులో రాయాలి. ఎక్కడ చిరిగిందో, ఏ దారం ఊడిందో గుర్తించాలి. ఆరుగురు కావాలి. ఆరు శనివారాలూ ఆ ఆరుగురే రావాలి. ఒక్క వారం వచ్చి మానేసేవారు దయచేసి పేరు ఇవ్వకండి. ఆ కుటుంబంలో ఇద్దరు మీ పక్కన కూర్చుని పేర్లు చెబుతారు. ఆ రోజులకు వాళ్ళకు కూలి ముందే లెక్కకట్టి పెట్టాం. ఇది మేము ఆ పదకొండు తోళ్ళ దగ్గర నేర్చుకున్నది. అటు చివర బల్ల మీద ఒక పుస్తకం పెట్టాను. మీ పేరు పక్కన మీకు వచ్చిన పని రాయండి. హోదా అవసరం లేదు.

మీకు ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి ఒక ఉద్యోగిని: "మేము ఇక్కడి నుంచి అంత దూరం వచ్చి వాళ్ళ ఇళ్ళల్లో కూర్చుంటే, వాళ్ళకు మేమే భారం కామా? మా భోజనం, మా మర్యాదలు చూడటానికే వాళ్ళ రోజు గడిచిపోతుంది కదా?")

మంచి ప్రశ్న అమ్మా. అవుతారు. మొదటి వారం తప్పకుండా భారమే అవుతారు. కుర్చీలు అరువు తెస్తారు, చల్లని సీసా కొనుక్కొస్తారు, మీరు వద్దన్నా వినరు. మీ డబ్బా మీరు తెచ్చుకోండి. చాప మీద కూర్చోండి. రెండో వారం కుర్చీలు తేరు. మూడో వారానికి మీరు వచ్చారని వాళ్ళు ఉలి పక్కన పెట్టరు, తలెత్తి నవ్వి మళ్ళీ పనిలో పడతారు. నాకు ఆ రోజు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆ ముసలమ్మ రంగులద్దుతోంది. నా వైపు చూడకుండానే, "నాయనా, ఆ సీత చెయ్యి ఊడింది, దారం ఎక్కించి ఇటు ఇవ్వు" అంది.